ఎవరి మాట చెల్లుతుంది?

జాంబీ కథలో భయం ఎంతోకాలం నిలవదు. చచ్చినవాళ్లు లేచి నడవడం, గుంపుగా మీద పడటం, తలకు గురిచూసి కొట్టడం నాలుగైదు ఎపిసోడ్లకే ప్రేక్షకుడికి అలవాటైపోతాయి. ఆ తర్వాత కూడా రాత్రి పన్నెండు దాటినా టీవీ కట్టేయనివ్వనిది వేరే ఉంది. ప్రాణాలు దక్కించుకున్న ఆ పది పన్నెండు మందిలో ఎవరి మాట చెల్లుతోంది? నిన్నటిదాకా చెల్లిన మాట ఇవాళ ఎందుకు చెల్లలేదు? అమెరికాలో ఏఎంసీ చానల్ 2010 అక్టోబర్ 31న మొదలుపెట్టిన ‘ది వాకింగ్ డెడ్’ 2022 నవంబర్ దాకా 11 సీజన్లు, 177 ఎపిసోడ్లు నడిచింది. అన్నేళ్లు జనాన్ని కూర్చోబెట్టింది ఈ ప్రశ్నేనని నా నమ్మకం.

నాది నాటకాలు రాసే పని. ఇద్దరి మధ్య గొడవ రాయడం తేలిక. ఎనిమిది మందిని ఒక గదిలో పెట్టి, పెద్దరికం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి జారే క్షణాన్ని పట్టుకోవడం కష్టం. అందుకే ఈ సీరియల్‌లో చూసిన సీన్లే మళ్లీ మళ్లీ చూస్తుంటాను. కొన్నిసార్లు సౌండ్ తీసేసి చూస్తాను. మాటలు వినపడనప్పుడు, బయట ఏదో అలికిడైతే ఎవరి తల ఎటు తిరుగుతుందో స్పష్టంగా తెలుస్తుంది. నాయకుడి ముఖం చూడను, మిగతావాళ్ల మెడలు చూస్తాను. తలుపు దగ్గర చప్పుడైనప్పుడు ఆరుగురు ఒకరి వైపే తిరిగి, ఏడో మనిషి మాత్రం ఇంకొకరి వైపు చూశాడనుకోండి, వచ్చే ఎపిసోడ్ కథ ఆ ఏడో మనిషి చూపులోనే ఉంటుంది. నా నాటకాల రిహార్సల్స్‌లో నటులకు చెప్పే మొదటి మాట కూడా ఇదే: డైలాగ్ తర్వాత నేర్చుకుందాం, ముందు ఎవరి వైపు చూస్తున్నారో తేల్చుకోండి.

మొదటి సీజన్ సంగతే తీసుకుందాం. రిక్, షేన్ ఇద్దరూ పోలీసులు, ప్రాణ స్నేహితులు. తూటా తగిలి ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడున్న రిక్ చనిపోయాడనుకుని, షేన్ అతని భార్యనూ కొడుకునూ ఊరి నుంచి బయటికి తీసుకొచ్చి, అట్లాంటా వెలుపల ఒక క్వారీ దగ్గర గుడారాలు వేయించి అందరినీ కాపాడుతుంటాడు. అప్పుడు రిక్ తిరిగొస్తాడు. వచ్చిన మర్నాడే మళ్లీ అట్లాంటా వెళతానంటాడు. మెర్ల్ అనే నోటిదురుసు మనిషిని ఒక మేడ మీద బేడీలు వేసి వదిలేసి వచ్చారు. వేసింది రిక్కే. ఆ మెర్ల్ కోసం వెళతానంటాడు. అతని కోసం నలుగురి ప్రాణాలు పణం పెడతావా అని షేన్ అడుగుతాడు. లెక్క ప్రకారం షేన్ అన్నదే నిజం. వీళ్లు వెళితే అక్కడ మెర్ల్ లేడు, తెగిపడిన చెయ్యి మాత్రమే ఉంది. వీళ్లు లేని ఆ రాత్రి గుడారాల మీద శవాల గుంపు పడి మనుషులు పోయారు.

అయినా గుంపు మెల్లగా రిక్ వైపే జరుగుతుంది. ఈ సీరియల్ రాతలో నేను నేర్చుకున్న గొప్ప పాఠం ఇదే. లెక్క తప్పినవాడికి నమ్మకం దక్కింది, లెక్క సరిగ్గా వేసినవాడు దాన్ని పోగొట్టుకున్నాడు. ఎందుకంటే గుడారాల్లో ఉన్న ప్రతి మనిషీ లోపల్లోపల వేసుకునే ప్రశ్న ఒక్కటే: రేపు మేడ మీద చిక్కుకుపోయేది నేనైతే నా కోసం ఎవరొస్తారు?

రెండో సీజన్‌లో రిక్ కొడుక్కి తూటా తగులుతుంది. ఆపరేషన్ సామాను కోసం షేన్, ఓటిస్ అనే స్థానికుడు ఒక స్కూలుకు వెళతారు. చుట్టూ శవాలు, తూటాలు అయిపోతున్నాయి. షేన్ ఓటిస్ కాలి మీద కాల్చి, అతన్ని వాటికి వదిలేసి, సామాను తీసుకుని వచ్చేస్తాడు. పిల్లవాడు బతుకుతాడు. తను తప్పించుకోవడానికి ఓటిస్ ప్రాణమిచ్చాడని షేన్ చెబితే అందరూ నమ్మేస్తారు.

ఈ ఎపిసోడ్ మా బాబాయ్ నా పక్కన కూర్చుని చూశాడు. బొగ్గు బాయిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరైన మనిషి. భాష రాదు, కింద వచ్చే ఇంగ్లిష్ అక్షరాలు చదవడు. నేను అక్కడక్కడా చెబుతుంటే వింటూ చూస్తున్నాడు. షేన్ ఒక్కడే బండి దిగి లోపలికి రాగానే నా వైపు తిరిగాడు.

“ఇద్దరు పోయిన్రు కదరా. ఒక్కడే వచ్చిండు. రెండోవాని సంగతి ఎవలూ గట్టిగ అడగరేంది?”

“పిల్లగాడు బతకాలె కదా బాబాయ్, ఆ హడావిడిల ఉన్నరు.”

“అడగాలె. బాయిల అట్ల కుదరదు. ఇద్దర్ని పంపినంక ఇద్దరి లెక్క చెప్పాలె.”

తర్వాతి ఎపిసోడ్లలో షేన్ ఎంత కష్టపడ్డా, ఎంతమందిని కాపాడినా బాబాయ్ మనసు మారలేదు. షేన్ తెర మీదికి వస్తే లేచి మంచినీళ్లకు వెళ్లేవాడు.

బొగ్గు బాయిలో లెక్క అంటే ఏమిటో మన సింగరేణివాళ్లకు చెప్పనక్కర్లేదు. మస్టర్ పడాలి, ల్యాంప్ రూమ్‌లో లైటు తీసుకోవాలి, షిఫ్టు దిగాక మళ్లీ అక్కడ పెట్టాలి. ఒక లైటు తన చోటికి రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందున్నట్టు. సర్దార్ ముందుగా వెళ్లి గాలి చూడాలి, గ్యాస్ చూడాలి, కప్పును తట్టి వినాలి. గట్టి కప్పు కంగుమంటుంది, పొర విడిపోయిన కప్పు బోలుగా పలుకుతుంది. ప్రమాదమనిపిస్తే మనుషుల్ని వెనక్కి రప్పించే బాధ్యత చట్టమే అతని మీద పెట్టింది. ఆ అధికారం కాగితం మీద సర్దార్లందరికీ ఒకటే. కానీ ఉత్పత్తి కోసం బోలు కప్పు కింద నిలబెట్టినవాడి మాటకూ, ఈ పూట బొగ్గు పోతే పోనీ పదండి అన్నవాడి మాటకూ కింద విలువ వేరు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. అలాంటి రోజులు చూసిన తరం మా బాబాయ్‌ది. ఎవరి ఉపన్యాసానికీ లొంగదు.

రెండో సీజన్ చివరికి రిక్ చేతిలోనే షేన్ చనిపోతాడు. ఇకమీదట ఇక్కడ ఓట్లు, సలహాలు ఉండవని, ఇష్టంలేనివాళ్లు వెళ్లొచ్చని రిక్ అందరి మొహాన చెప్పేస్తాడు. ఎవరూ వెళ్లరు. చుట్టూ చీకటి, ఎక్కడికి వెళతారు? మూడో సీజన్ మొదట్లో ఆ గుంపు ఒక ఇల్లు సోదా చేస్తుంది. ఎవరూ నోరు తెరవరు, ఎవరి పని వాళ్లకు తెలుసు, ఎవరూ ఎవరికీ అడ్డుపడరు. చూడటానికి అద్భుతమైన క్రమశిక్షణ. కానీ ఎవరి మొహంలోనూ ప్రేమ లేదు. మాట వినడం, మనిషి మీద నమ్మకం ఉండటం రెండూ వేరువేరని ఒక్క డైలాగ్ లేకుండా చూపించిన సీన్ అది. నాలుగో సీజన్ వచ్చేసరికి గుంపు ఒక జైల్లో ఉంటుంది, రిక్ తుపాకీ పక్కన పెట్టి కూరగాయలు పండించుకుంటుంటాడు. హెర్షెల్, గ్లెన్, డారిల్, కరోల్, సాషా కలిసి మండలిగా నిర్ణయాలు చేస్తుంటారు.

ఆ అయిదుగురిలో కరోల్ కథే నాకు అన్నిటికన్నా ఇష్టం. మొదట్లో మొగుడి చేత దెబ్బలు తింటూ గుంపులో బట్టలుతికే ఆడమనిషి. ఆమె మాట ఎవరూ అడగరు. అదే మనిషి, జైల్లో జబ్బు అందరికీ పాకకుండా ఇద్దరు రోగుల్ని చంపేసిందని తెలిసి రిక్ ఆమెను ఒంటరిగా గుంపులోంచి పంపించేస్తాడు. మండలిని అడగడు. అయిదో సీజన్ మొదట్లో రిక్, మిగతావాళ్లు నరమాంస భక్షకుల చేతిలో బందీలైతే, వెలివేసిన కరోలే వచ్చి గ్యాస్ ట్యాంకు పేల్చి అందరినీ విడిపిస్తుంది. ఆమె క్షమాపణ అడగదు, చెప్పించుకోదు. ఆ తర్వాత ఆమె నోరు తెరిస్తే అందరూ వింటారు.

ఏడో సీజన్ దగ్గర నాకు విసుగొచ్చింది. నీగన్ అనే ప్రతినాయకుడు బ్యాటు పట్టుకుని అందరినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఉపన్యాసాలిస్తాడు, రిక్ చాలా ఎపిసోడ్లు తల వంచుకుని ఉంటాడు. ఎవరు ఎవరి పక్షమో కదలనప్పుడు ఎంత రక్తం పారినా కథ కదలదు. తెర వెనక కూడా పెత్తనం చేతులు మారుతూనే ఉంది. మొదలుపెట్టిన ఫ్రాంక్ డారబాంట్‌ను రెండో సీజన్ తయారవుతుండగానే తప్పించారు. గ్లెన్ మజారా, స్కాట్ గింపుల్, చివరికి ఆంజెలా కాంగ్ వరసగా బాధ్యత తీసుకున్నారు. ఆంజెలా కాంగ్ వచ్చాక సీరియల్‌కు మళ్లీ ఊపిరొచ్చిందని నేను అనుకుంటాను. తొమ్మిదో సీజన్‌లో రిక్ వెళ్లిపోయాక కూడా ఆమె ఆ గుంపును నిలబెట్టగలిగింది.

ఈ సీరియల్ మొదలవడానికి సరిగ్గా 18 రోజుల ముందు, 2010 అక్టోబర్ 13న, చిలీలోని శాన్ హోసె గనిలోంచి చివరి కార్మికుడు బయటికొచ్చాడు. ఆగస్టు 5న గని కూలి 33 మంది కింద చిక్కుకున్నారు. మొదటి 17 రోజులు పైవాళ్లకు వీళ్లు బతికున్నారో లేదో తెలియదు. షిఫ్టు బాధ్యుడు లూయిస్ ఉర్సువా. రెండు రోజులకు సరిపడా ఉన్న తిండి, చెంచాల లెక్కన టూనా చేప. కింద ఏం జరిగిందో హెక్టర్ తోబర్ 2014లో ‘డీప్ డౌన్ డార్క్’ అనే పుస్తకంగా రాశాడు. బాధ్యుడి తెల్ల హెల్మెట్ తీసి పక్కన పెట్టి, ఇక్కడ ఇక బాసులెవరూ లేరని ఉర్సువా చెప్పాడట. మారియో సెపుల్వెద అనే మాటకారి ముందుకొచ్చి తిండి పంపకం నడిపించాడు. ప్రార్థన చేయించేది ఇంకొకరు. పనిని బట్టి పెద్దరికం మారింది. డ్రిల్లు కడ్డీకి కట్టి పైకి పంపిన చీటీలో ఏముందో చూడండి: ఆశ్రయంలో క్షేమంగా ఉన్నాం, 33 మందిమి. సాయం పంపమని అడగకముందే లెక్క చెప్పారు. మిగతా అందర్నీ పంపాక ఉర్సువా చివరన ఎక్కాడు. హెల్మెట్ తీసేసినా షిఫ్టు వదల్లేదు.

గని రెస్క్యూ దళాల్లో ఒక పద్ధతి ఉంటుంది. విషవాయువున్న చోటికి ఊపిరి పరికరాలు కట్టుకుని వెళ్లే జట్టులో కెప్టెన్ మధ్యమధ్య ఆపి ప్రతి ఒక్కరి గేజీ చూస్తాడు. అందరికన్నా తక్కువ గాలి ఎవరి దగ్గరుందో ఆ లెక్క మీదే జట్టు వెనక్కి తిరగాలి. ఒకరి పరికరం చెడిపోతే అందరూ రావాల్సిందే, తక్కినవాళ్లు ముందుకు పోకూడదు. జట్టు ఎంత దూరం వెళ్లాలో నిర్ణయించేది అందరిలోకీ బలహీనంగా ఉన్న మనిషి. ఇంతకన్నా నాటకీయమైన నియమం నేను ఎక్కడా చదవలేదు. ఏ స్క్రీన్‌ప్లే పుస్తకమూ దీన్ని నేర్పలేదు.

మన సింగరేణి గనుల్లో కార్మికులు పక్షాలు మారడం మీద బయటివాళ్లు తేలిగ్గా మాట్లాడతారు. 1998 నుంచి రహస్య ఓటింగ్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. 2011లో సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగింది. మరుసటి ఏడాది టీబీజీకేఎస్ గెలిచింది, 2017లోనూ గెలిచింది. 2023 డిసెంబర్ 27న కార్మికులు ఏఐటీయూసీని గెలిపించారు. అదే ఓట్ల లెక్కింపులో పలు ఏరియాల్లో ప్రాతినిధ్య సంఘంగా ఐఎన్‌టీయూసీ నిలిచింది. దీన్ని కప్పదాటు అనడం నాకు బాధ కలిగిస్తుంది. కార్మికుడు జెండా మార్చినా అడిగే ప్రశ్న మార్చలేదు. వారసత్వ ఉద్యోగాల మాట ఏమైంది, మెడికల్ బోర్డు ముందు నా తరఫున ఎవరు నిలబడ్డారు, క్వార్టర్ కప్పు కారుతుంటే ఎవరొచ్చి చూశారు అనే అడిగాడు. గుడారాల్లో వాళ్లు రిక్ గురించి లోపల వేసుకున్న ప్రశ్న ఇదే.

తెలుగులో జాంబీలను తెచ్చింది ప్రశాంత్ వర్మ. తేజ సజ్జా హీరోగా ‘జాంబీ రెడ్డి’ 2021 ఫిబ్రవరి 5న విడుదలైంది. కర్నూలు ఫ్యాక్షన్ మీద జాంబీలను వదలడం తెలివైన ఆలోచన. అక్కడ పక్షం పుట్టుకతో వస్తుంది, చచ్చి లేచినవాడికి మాత్రం ఏ పక్షమూ లేదు. ఆ సినిమాను నేను ఇష్టంగా చూశాను. కానీ ఒక్క సినిమాలో ముగిసే హీరో కథలో పెద్దరికం చేతులు మారడానికి చోటు తక్కువ. మన ఓటీటీ రచయితలు ఎవరైనా పది ఎపిసోడ్ల చోటు దొరికితే శవాల్లేకుండానే ఇలాంటి కథ రాయొచ్చు. భూమి కింద ఒక షిఫ్టు చాలు.

నేను ఇప్పుడు రాస్తున్న నాటకం అదే. కప్పు కూలి ఒక ఓవర్‌మన్, ఒక యువ ఇంజనీర్, నలుగురు పర్మినెంట్ కార్మికులు, ఒక కాంట్రాక్టు కుర్రాడు చిక్కుకుంటారు. 2022 మార్చి 7న రామగుండం దగ్గర అడ్రియాల గనిలో చనిపోయిన ముగ్గురిలో భద్రతాధికారి ఉన్నారు, కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నాడు. కప్పు ఇద్దర్నీ ఒకేలా చూసింది. గుర్తింపు సంఘం ఎన్నికల్లో మాత్రం కాంట్రాక్టు కార్మికుడికి ఓటు లేదు. నా నాటకంలో నీళ్ల డబ్బా ఎవరి చేతిలో ఉండాలన్న గొడవ వస్తుంది. చేతులెత్తి తేల్చుకుందామని ఓవర్‌మన్ అంటాడు. అందరూ ఎత్తుతారు. కుర్రాడు ఎత్తడు, తనను కూడా అడిగారని అతనికి తోచదు. నీ చెయ్యేదిరా అని అడిగేది ఎవరన్నది ఇంకా తేలలేదు. ఇంజనీర్ అడిగితే ఒక నాటకం అవుతుంది, అప్పటిదాకా కుర్రాడితో మాట్లాడని పర్మినెంట్ కార్మికుడు అడిగితే ఇంకో నాటకం అవుతుంది. రెండు విధాలుగానూ రాశాను. వచ్చే ఆదివారం రిహార్సల్‌లో రెండూ చేయించి, మిగతావాళ్ల తలలు ఎటు తిరుగుతాయో చూస్తాను.