మునిగిన లోయను చూపించే పని

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగేనాటికే కృష్ణ లోయలో పలుగూ పారా ఆడుతున్నాయి. ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో 1954 నుంచి 1960 దాకా తవ్వితే ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి బయటపడింది. నీళ్లు ముంచెత్తకముందే ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొన్నిటిని ఇప్పుడు దీవిగా మిగిలిన నాగార్జునకొండ మీద, కొన్నిటిని జలాశయం ఒడ్డున ఉన్న అనుపులో మళ్లీ పేర్చారు.

ఆ పేర్చినవాళ్ల పనితనం చూడాలంటే అనుపుకే వెళ్లాలి. అక్కడి రంగశాలకు నాలుగు వైపులా మెట్ల వరుసలు, నడుమ దీర్ఘచతురస్రపు రంగస్థలం. అద్దాల పెట్టెలో దాచిన చరిత్ర కాదిది, ఆరుబయట నిలబడ్డది.

కొండ మీది మ్యూజియం 1966లో తెరిచారు. శిల్పాల కోసం లాంచీ ఎక్కి వెళ్లినవాళ్లు అక్కడి లోయ నమూనా దగ్గర కాసేపు ఆగాలి. ఏ విహారం ఎక్కడుండేదో, తాము ఇందాక దేని మీదుగా వచ్చారో అప్పుడు తెలుస్తుంది. గోడకు తగిలించిన వివరాల బోర్డులు ఎన్ని చదివినా అంత సులువుగా బుర్రకెక్కదు మరి!