మొదటి రోజు 35 శాతం

బడిలో ఇద్దరు పిల్లలు కలబడితే మనకు తెలిసిన వైద్యం ఒకటే. చెరో రెక్క పట్టుకుని విడదీసి, ‘సారీ చెప్పుకోండి, షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి’ అంటాం. అరనిమిషంలో పని అయిపోతుంది, పాఠం ఆగదు. చేతులైతే కలుస్తాయి గానీ చూపులు కలవవు. మిగతా లెక్క గేటు బయట తేల్చుకుంటారు. పిల్లలకు శాంతి నేర్పాలంటే ఆ అరనిమిషాన్ని అరగంట చేసే ఓపిక పెద్దవాళ్లకు ఉండాలి. ఓపిక ఉంటే మిగతాది పిల్లలే చూసుకుంటారు.

నేను ఈ ఓపికను సాధన చేస్తున్నది సూరత్‌లో, నవాగామ్‌లో, ఆదివారం పూట తెలుగు అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చే పిల్లల దగ్గర. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన నేత కుటుంబాల పిల్లలు వీళ్లు. నగరపాలిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగు మాధ్యమమూ ఉంది. గల్లీలో మాత్రం మాధ్యమాలు లేవు. ఖాన్‌దేశ్ మరాఠీలు, గంజాం ఒడియాలు, యూపీ, బిహార్ వాళ్లు, మనవాళ్లు అందరూ ఒకే కుళాయి దగ్గర బిందెలు పెడతారు. మా పిల్లలు వాదించేది హిందీలో, తిట్టేది గుజరాతీలో, ఏడ్చేది తెలుగులో.

ఇక్కడ ముందు గొంతు సంగతి తెలుసుకోవాలి. సాంచాల ఖాతాలో పన్నెండు గంటలు నిలబడేవాడికి పక్కవాడితో మాట్లాడాలంటే అరవక తప్పదు. ఇంటికొచ్చినా ఆ గొంతు తగ్గదు, చెవులూ అంత బాగా వినపడవు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడు ‘పెన్సిలియ్యి’ అన్నా కొట్లాటకు వచ్చినట్టే ఉంటుంది. కొత్తగా వచ్చిన టీచర్లు దాన్ని పొగరనుకుంటారు. గొంతు పెద్దదైనంత మాత్రాన కోపం ఉన్నట్టు కాదని, మెల్లగా మాట్లాడేవాడి దగ్గర కోపం లేనట్టూ కాదని మా పిల్లలకు నేను చెప్పే పని లేదు. అది వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

సూరత్‌లో పిల్లల గొడవలకు అసలు సీజన్ ఉత్తరాయణం. జనవరి 14కు ముందు నుంచే డాబాల మీద మాంజా, గల్లీలో పరుగులు. తెగిన పతంగి ఎవరి చేతికి చిక్కితే వాళ్లదే. ఆ చట్టాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ కాదనరు. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒకడి చేతికి దారం అందుతుంది, ఇంకొకడి చేతికి పతంగి అందుతుంది. మా దగ్గర అదే జరిగింది. ఒకడు మావాడు, ఒకడు పక్క లైన్లోని మరాఠీ పిల్లవాడు. పతంగి చిరిగింది, మావాడి వేలు మాంజాకు తెగింది, రెండు లైన్ల పిల్లలకూ కిట్టా. గుజరాతీ పిల్లలు చిటికెన వేలు చూపిస్తే కిట్టా, అంటే మన కటీఫ్. మళ్లీ కలిస్తే బుచ్చా. ఆ రెండో మాట చాలా రోజులు ఎవరి నోటా రాలేదు.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక్కటే అడిగాను. తన గోడు ఎవరూ చెప్పొద్దు, ఎదుటివాడి గోడు చెప్పాలి. అది విని ఎదుటివాడు ‘బరాబర్’ అనాలి, అనేదాకా మళ్లీ చెప్పాలి. వినడానికి తేలికే. మావాడు మొదలుపెట్టాడు: ‘వీడేమంటడంటే సార్, పతంగి వీనిదే అంటడు, అబద్ధం.’ ‘అబద్ధం’ తీసెయ్యమన్నాను. తీసేసి చెప్తే వాక్యం సగమే మిగిలింది. రెండోసారి, మూడోసారి చెప్పేసరికి కొత్త సంగతి బయటపడింది. అవతలివాడు ఆ పతంగి కోసం ఆ సందు చివర నుంచి ఉరికొచ్చాడు, తన వెనక తమ్ముడు చూస్తున్నాడు. తమ్ముడి ముందు వదిలేయడం ఎట్లా? మావాడు దాన్ని హిందీలో అప్పజెప్పగానే ఆ పిల్లవాడు ‘బరాబర్’ అన్నాడు. గొడవ పతంగిది కాదు, పరువుది. అంతవరకు ఆ మాట వాళ్లకూ తెలీదు, నాకూ తెలీదు.

పరువు దగ్గరికి వచ్చాక నీతికథలు పనికిరావు, ఉపాయం కావాలి. ఆ ఉపాయం కోసమే నేను గాంధీ దగ్గరికి వెళ్లాను. వెళ్లడానికి భయపడుతూనే వెళ్లాను. ఎందుకంటే పిల్లలకు గాంధీ అంటే అక్టోబర్ 2న కళ్లద్దాలు, కర్ర, ఫ్యాన్సీ డ్రెస్. ఐక్యరాజ్యసమితి 2007లో ఆ రోజును అహింసా దినంగా ప్రకటించిందని చెప్తే ఆవలించారు. మన నవాగామ్‌ను ఆనుకుని ఉన్న డిండోలీలో 1930 ఏప్రిల్ 2న దండి యాత్ర ఆగిందని చెప్తే మాత్రం నిటారుగా కూర్చున్నారు. ‘గీ డిండోలీయేనా?’ ఈ డిండోలీయే. (యాత్ర జాబితాలో నవాగామ్ అనే ఊరూ ఉంది కానీ అది ఖేడా జిల్లాది, మనది కాదు. ఒకడు చాలా నిరాశపడ్డాడు.) ఆ నడిచినవాళ్లలో ఎర్నేని సుబ్రహ్మణ్యం అనే తెలుగాయన ఉన్నారని చెప్పాక, గాంధీ కొంచెం మా లైన్ మనిషయ్యాడు.

అయితే ఉప్పు కథ మాకు అంతగా అక్కరకు రాదు. అక్కడ ఎదుటివాడు దూరంగా ఉన్న సర్కారు. రోజూ మొహం చూసుకోవాల్సినవాళ్ల మధ్య తగాదాకు పనికొచ్చే కథ అంతకు పన్నెండేళ్ల ముందు, 1918లో అహ్మదాబాద్ మిల్లుల్లో జరిగింది. ప్లేగు రోజుల్లో కార్మికులు ఊరు విడిచి పోకుండా మిల్లు యజమానులు బోనస్ ఇచ్చారు. ప్లేగు తగ్గాక దాన్ని ఆపేశారు. ధరలు మాత్రం తగ్గలేదు. మగ్గాల కార్మికులు కూలి పెంచమన్నారు. గాంధీ లెక్కలు చూసి 35 శాతం న్యాయమన్నారు, యజమానులు 20కి మించి ఇవ్వబోమన్నారు. యజమానుల పక్షాన పెద్ద అంబాలాల్ సారాభాయ్, కార్మికుల పక్షాన నిలబడింది ఆయన సొంత అక్క అనసూయా సారాభాయ్. రోజూ సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు కింద సభ. 35 వచ్చేదాకా పనిలోకి వెళ్లబోమని కార్మికుల ప్రతిజ్ఞ. వాళ్లు ఆకలికి తాళలేక సడలుతుంటే మార్చి 15న గాంధీ నిరాహారదీక్ష పట్టారు. దానివల్ల యజమానుల మీద ఒత్తిడి పడిందని, అది తన దీక్షలో లోపమేనని తర్వాత ఆయనే రాసుకున్నారు.

18న రాజీ కుదిరింది. పిల్లలకు చెప్పాల్సింది ఆ రాజీలోని లెక్క. మొదటి రోజు 35 శాతం పెంచి ఇస్తారు, కార్మికుల ప్రతిజ్ఞ నిలిచింది. రెండో రోజు 20 శాతం, యజమానుల మాట నిలిచింది. మూడో రోజు నుంచి రెంటికీ నడుమ 27.5 శాతం. ఈలోగా ప్రొఫెసర్ ఆనందశంకర్ ధ్రువ మధ్యవర్తిగా ఉండి అసలు న్యాయం తేలుస్తారు. ఆయన చివరికి 35 శాతమే తేల్చారు.

మీటర్ల లెక్కన కూలి తీసుకునే నాన్నల పిల్లలకు శాతాలు విడమరిచి చెప్పక్కర్లేదు. నూరు రూపాయల కూలి మొదటి రోజు 135, రెండో రోజు 120, మూడో రోజు 127 రూపాయల 50 పైసలు అని నేను బోర్డెక్కేలోపే చెప్పేశారు. ‘ఒక్క రోజుకే 35 ఇస్తే ఏమొచ్చె?’ అని ఒకడు అడిగాడు. ‘మాట నిలిచింది కద’ అని ఇంకొకడు. అది వాళ్లు పట్టుకున్నారు. పతంగి కేసుకు కూడా వెంటనే తీర్పు తయారైంది: అతికించిన పతంగి మొదటి రోజు తమ్ముడు చూస్తుండగా అవతలివాడు ఎగరేస్తాడు, రెండో రోజు వేలు తెగినవాడు ఎగరేస్తాడు, మూడో రోజు ఒకడు పతంగి, ఒకడు దారం చుట్టే చరఖా పట్టుకోవాలి. మూడో రోజు దాకా పతంగి బతకలేదు, వేరే సంగతి. బుచ్చా మాత్రం అయింది.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. ఇద్దరి మధ్య తగువు వేరు, ఒకణ్ని రోజూ ఏడిపించడం వేరు. నలుగురు చేరి ఒకడి డబ్బా లాక్కుంటుంటే ‘వాళ్ల గోడు నువ్వు చెప్పు’ అనడం అన్యాయం. అక్కడ పెద్దవాళ్లు కలగజేసుకుని ఆపాలి, రాజీ మాట ఎత్తకూడదు. శాంతి పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది ఈ తేడా చూడరు. గోల లేకపోతే శాంతే అనుకుంటారు. దెబ్బలు తిన్నవాడు నోరు మూసుకున్నా గోల ఉండదు.

ఇంకో సంగతి నేను ముందు ఊహించలేదు. మా తరగతిలో మధ్యవర్తిత్వం అందరికంటే బాగా చేసేది ఆరో తరగతి అమ్మాయి. ఇటు మాట అటు చేరవేసేటప్పుడు ఒక్క ముక్క కలపదు, ముల్లున్న మాటను మెత్తగా మారుస్తుంది, ఎవరు ఎప్పుడు మెత్తబడ్డారో మొహం చూసి చెప్తుంది. నేను మురిసిపోయి ప్రతి గొడవా ఆమెకే అప్పజెప్పేవాణ్ని. ఎక్కడ నేర్చుకున్నావంటే మామూలుగా చెప్పింది: ఇంట్లో అమ్మానాన్న మాట్లాడుకోరు, రాత్రి పాళీ నుంచి నాన్న వచ్చాక ‘అన్నం ఉందని చెప్పు’, ‘పైసలియ్యమని చెప్పు’, అన్నీ తనే చెప్పాలి. మన ఇళ్లలో ఇది కొత్త కాదు. పెద్దవాళ్లు మొహాలు తిప్పుకుంటే రాయబారం మోసేది పిల్లలే. దాన్ని మనం తెలివి అని మెచ్చుకుంటాం.

ఆమెకు ఆ పని మాన్పించాను. కొన్ని వారాలు ఎవరి మాటా ఎవరికీ మోయక్కర్లేదన్నాను. మొదట్లో ఏం చేయాలో తోచక చేతులు కట్టుకుని కూర్చుంది. పోయిన ఆదివారం రంగు పెన్సిళ్ల డబ్బా దగ్గర తనే ఒక పక్షమైంది. నీలం పెన్సిల్ తనదేనని గుజరాతీలో అరిచింది, తెలుగులో ఏడ్చింది, బరాబర్ అనమంటే అననంది. ఆమె గోడు అప్పజెప్పలేక ఇద్దరు మగపిల్లలు నాలుగుసార్లు తప్పారు.