శిబిరం నుంచి వచ్చే కలంకారీ గుడ్డ

వేసవి కళా శిబిరం నుంచి పిల్లలను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన తల్లిదండ్రులకు, అక్కడ నేర్పినది శ్రీకాళహస్తి పద్ధతి కలంకారీ అయిన పక్షంలో, ఎరుపు నీలం పసుపు వన్నెల దేవతామూర్తికి బదులు, లేత పసుపుకు తిరిగి పాలవాసన కొట్టే ముతక గుడ్డ ఒకటి, దాని మీద నల్లటి గీతలతో, చేతికి రావచ్చు. ఇన్నాళ్ల శిక్షణకు ఇంతేనా అన్న ప్రశ్న సహజమే గాని, ఈ కళలో రంగులు గుడ్డకు పూసిన పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి పోగులోనే పుట్టేవి కాబట్టి, మాసినట్టు కనిపించే ఆ గుడ్డలో అసలు పని సగం దాకా జరిగిపోయే ఉంటుంది.

గంజి పోయేదాకా ఉతికిన నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరబెట్టడంతో పని మొదలవుతుంది. కరక్కాయలో పుష్కలంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థం తరువాత వచ్చే ఇనుమునూ పటికనూ పోగుకు పట్టి ఉంచగా, పాలలోని కొవ్వు సిరా అటూ ఇటూ పాకకుండా అడ్డుపడుతుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో వేసి సుమారు మూడు వారాలు పులియబెట్టి వడగడితే నల్ల సిరా తయారవుతుంది. అంటే శిబిరం మొదటిరోజుకు సిరా అందాలంటే గురువు అంతకు ముందు నెలలోనే కుండ పెట్టి ఉండాలన్నమాట, ఆ శ్రమ మాత్రం ఏ కరపత్రంలోనూ కనిపించదు. ఈ సిరాలోని ఇనుము గుడ్డలోని టానిన్‌తో కలిసి, ఉతికినా వదలని నలుపుగా స్థిరపడుతుంది.

గీసే సాధనం వెదురుపుల్ల. దాని కొనను సన్నగా చెక్కి, కొనకు కాస్త పైన ఉన్నిని లేదా గుడ్డను చుట్టి దారంతో బిగిస్తే అది కలం అవుతుంది. ఆ చుట్ట సిరాను పీల్చుకుంటుంది, వేలితో నొక్కినకొద్దీ సిరా కొనలోకి దిగుతుంది. ముందు చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో బొమ్మ రూపు గీసుకున్నా, కలం పట్టాక దిద్దుబాటుకు అవకాశం లేదు కనుక, సిరా గడ్డకట్టినట్టు మందంగా నిలిచిన చోట చెయ్యి తటపటాయించిందనీ, కనుబొమ్మ మొదలు నుంచి చివరిదాకా ఒకే ఊపున సాగిన చోట ధైర్యం కుదిరిందనీ ఎవరైనా చదవవచ్చు. పిల్లల పనిలో తల్లిదండ్రులు వెతకవలసినది ఈ తేడానే.

శిబిరాలకు సాధారణంగా అందనిది ఎరుపు. ఎర్రబడవలసిన చోట్ల మాత్రమే పటిక నీళ్లను కలంతో పూస్తారు. అప్పటికి గుడ్డ మీద దాదాపు ఏమీ కనిపించదు. దాన్ని బాగా ఆరనిచ్చి, పోగుకు పట్టని పటిక కొట్టుకుపోయేలా పారే నీటిలో జాడించి, చిరివేరో మంజిష్ఠ వేరో వేసిన నీటిలో ఉడికించినప్పుడు, పటిక ఉన్న చోట చిక్కని ఎరుపు తేలుతుంది, మిగిలిన గుడ్డ లేత గులాబీ రంగుకు మాత్రమే తిరుగుతుంది. ఆ గులాబీ ఛాయను పోగొట్టడానికి పేడనీటిలో రాత్రంతా నానబెట్టి, మరునాడు నీళ్లు చల్లుతూ ఎండలో పరుస్తారు. తరువాత మళ్లీ పాలలో ముంచి గాని పసుపూ నీలిమందూ ముట్టరు. పసుపు కరక్కాయ పువ్వు నుంచి వస్తుంది, నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ అవుతుంది. నిలవ నీటిలో జాడిస్తే కరిగిన పటిక పక్కభాగాలకు అంటి ఎరుపు చెదురుతుంది కాబట్టే ఈ పని శ్రీకాళహస్తి పక్కనున్న స్వర్ణముఖి నది ఒడ్డున పెరిగింది. ఏడాది పొడవునా పారని ఆ నది ఎండిన నెలల్లో నీటి ఏర్పాటు కళాకారులకు వేరే సమస్య.

రామాయణ భారత కథలను వరుసలుగా గీసి, కింద తెలుగులో వివరణ రాసిన పెద్ద తెరలు ఒకప్పుడు ఆలయాలకు వెళ్లేవి. ఆదరణ తగ్గి పని ఆగిపోయే స్థితిలో, హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడి, జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ నేర్పారు. ఈ కళలో పేరు పొందిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. కుటుంబం దాటి బయటివారికి తరగతిలో నేర్పడం వల్లనే నిలిచిన కళ కనుక, నేటి శిబిరాన్ని చిన్నచూపు చూడటం తగదు. అయితే సమయం చాలదని అక్రిలిక్ రంగులతో గళ్లు నింపించి దానికి కలంకారీ అని పేరు పెట్టే చోట పిల్లలు నేర్చేది బొమ్మకు రంగు వేయడం మాత్రమే. నల్లగీత వరకు సక్రమంగా నేర్పి, మిగిలినది ఉడికే గంగాళం దగ్గరే చూపించడం ఇంతకన్నా నయం. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి సుమారు 40 కిలోమీటర్లే కాబట్టి, ఆ చుట్టుపక్కల జరిగే శిబిరాలకు ఒక్క పూట ప్రయాణంతో అది సాధ్యమవుతుంది.