చలి సామెతలు, వాన గుర్తులు

రాబోయే చలికాలం ఎంత తీవ్రంగా ఉంటుందో ప్రకృతిని చూసి చెప్పే సామెతలు తెలుగులో ఉన్నాయా? 'వాతావరణ సామెతలు' అన్న ఒకే శీర్షిక కింద చలినీ వాననూ కలిపి చదివే అలవాటు వల్ల ఈ ప్రశ్న మనకు తట్టదు. విడదీసి చూస్తే రెండూ రెండు జాతులని మా అభిప్రాయం.

అమెరికాలో ఒక రకం గొంగళిపురుగు ఒంటిమీది గోధుమరంగు పట్టీ సన్నబడితే ఆ ఏడు చలి ముదురుతుందని నమ్మేవారున్నారు. మన చలి సామెతలు చూడండి: 'సంక్రాంతికి చంకలెత్తనీయని చలి', 'శివరాత్రికి శివశివా అంటూ చలి పోతుంది'. వీటిలో పురుగు లేదు, పిట్ట లేదు, ఆకు లేదు. పండుగ పేరూ, దానికి ప్రాస కలిసే మాటా ఉన్నాయి. ఏ ఏడైనా ఇదే మాట. ఏటేటా వచ్చే చలి వరుసను నోట నిలుపుకొనే పంచాంగమిది.

వాన దగ్గర తీరు మారుతుంది. 'తూనీగలాడితే తూమెడు వాన'. ఇందులో తూమెడు ప్రాస కోసం వచ్చిందే, కాని తూనీగ చూపు నుంచి వచ్చింది. 'దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన' అన్నప్పుడు గుడి అంటే చంద్రుని చుట్టూ కట్టే వలయం. ఎత్తైన పలుచని మబ్బుల్లోని మంచు పలుకుల వల్ల పెద్ద వలయం కడుతుంది. అటువంటి మబ్బులు కొన్నిసార్లు వానకు ముందు వస్తాయి. మెట్టసేద్యం చేసేవాడు చలిని ఓర్చుకోగలడు, వాన తప్పితే గింజ లేదు. భయమున్న చోటే గుర్తు పుట్టింది.

సామల్పట్టి వంటి చోట ఈ తేడా మరింత తెలుస్తుంది. జోలార్‌పేట-సేలం రైలుమార్గం మీది ఈ ఊరు కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకాలోనిది. అదే జిల్లాలోని హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటే, సామల్పట్టి దిగువ మైదానంలో ఉంది. 'చంకలెత్తనీయని చలి' హోసూరులో అనుభవం, సామల్పట్టిలో చాలావరకు అతిశయోక్తి. మాట ఒకటే, బరువు వేరు.

కార్తెలూ అంతే. సామెతల్లో పేరుపడ్డ మృగశిర, ఆరుద్ర నైరుతి వానలవి. ఊత్తంగరై సీమకు ఈశాన్య వానలూ ముఖ్యమే. 2024లో ఫెంగల్ తుపాను వల్ల డిసెంబరు 2 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ఊత్తంగరైలో సుమారు 50 సెంటీమీటర్ల వాన కురిసింది. మనం చలికాలమనుకొనే రోజుల్లోనే ఇక్కడ వాన భయమూ ఉంది.

1868లో కెప్టెన్ కార్ ప్రకటించిన 'ఆంధ్రలోకోక్తిచంద్రిక' మనకు పెద్ద ఆస్తి. అందులోని అకారాది క్రమం వెతుక్కోవటానికి సౌకర్యం. అయితే ఏ ఊరిలో, ఏ కార్తెలో, ఏ పంటను తలచుకొని ఎవరన్నారో ఆ క్రమం చెప్పదు. సీమకు వెలుపల తెలుగు చదివే విద్యార్థికి ఈ లోటు మరీ బరువు: పుస్తకంలోని రూపమే అసలైనదనీ, తన ఇంటి మాట తప్పనీ అనుకొనే ప్రమాదముంది. అవ్వ చెప్పిన మాటను దిద్దకుండా, ఊరూ కార్తే పంటా చేర్చి రాసుకోవాలని మా మనవి. పుస్తకంతో సరిపోలని చోటే ఆ ఊరి సొంత చూపు దొరకవచ్చు.