కణతల తెలుపు: ఒకే తల, రెండు కటింగులు

అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజుల్లో మన ఊళ్లలో చాలామంది మగవాళ్లకు ఒక సంగతి మొదటిసారి తెలుస్తుంది, తమ గడ్డం నెరిసిందని. రోజూ గీసుకునే చెంప మీద తెలుపు కనపడదు. దీక్ష ముగిసేసరికి గడ్డం సెంటీమీటరున్నర దాకా పెరిగి, చుబుకం మీద ముగ్గు రాలినట్టు ఉంటుంది. కొండ దిగి వచ్చాక చాలామంది గీయించేస్తారు. నేను ఉంచేసుకున్నాను. అప్పుడు నాకు 52 ఏళ్లు. జుట్టు మా నాన్నది వచ్చింది, బాగా ఒత్తు. ఆ తర్వాత మూడేళ్లలో ఆ తలకీ ఆ గడ్డానికీ కలిపి రెండు రకాల కటింగులు చేయించుకున్నాను. ఆ రెండింటి గురించే ఈ వ్యాసం.

ఒకటి ఫేడ్. పక్కలకు మిషన్ పెట్టి, చెవి దగ్గర జీరో, కాస్త పైన ఒకటో నంబరు, ఆపైన రెండో నంబరు, నడినెత్తిన మాత్రం జుట్టు వదిలేస్తారు. ఒకటో నంబరు అంటే 3 మిల్లీమీటర్లు, రెండో నంబరు అంటే 6. ఇవాళ ఏ పట్టణంలో షాపుకు వెళ్లినా, నోరు తెరిచి ఏమీ చెప్పకపోతే దొరికేది ఇదే. రెండోది లేయర్ కట్. తల మొత్తం కత్తెరతోనే, పైన పొడుగ్గా, పక్కలకు దిగేకొద్దీ పొట్టిగా, పొర మీద పొర కూర్చున్నట్టు కోస్తారు. ఈ పేరు వింటే లేడీస్ పార్లర్ గుర్తొస్తుంది గానీ, మగవాళ్లకు ఇది కొత్తదేమీ కాదు. స్టెప్ కటింగ్ అని మన కుర్రతనంలో అడిగి మరీ చేయించుకున్నదానికి ఇది దగ్గర చుట్టమే.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడ్డానికి తెర మీద ఒక మంచి అవకాశం ఉంది. తమిళ నటుడు అజిత్ 2011లో ‘మంకాత్తా’లో నెరిసిన జుట్టుకు రంగు వేయకుండా కనిపించాడు. తెలుగులో అది ‘గ్యాంబ్లర్’గా వచ్చింది. అప్పటికి ఆయనకు 40 ఏళ్లే. ఆ తర్వాత దర్శకుడు శివతో వరసగా సినిమాలు చేశాడు. వాటిలో 2017 ఆగస్టులో వచ్చిన ‘వివేకం’, 2019 సంక్రాంతికి వచ్చిన ‘విశ్వాసం’ నాకు ఇక్కడ కావలసినవి. ఒకే నటుడు, ఒకే దర్శకుడు, ఒకే నెరుపు. మధ్య ఏడాదిన్నర కూడా తేడా లేదు. మారింది కటింగు.

‘వివేకం’లో ఆయన ఉగ్రవాదుల్ని వేటాడే గూఢచారి. పక్కలు బాగా కురచగా తీసేశారు, గడ్డాన్ని కూడా ఒంటికి అంటుకున్నట్టే ఉంచారు. పాత్రకు అది సరిపోయింది. మంచులో పరిగెత్తే, కొండల మీంచి దూకే ఒంటికి తగిన తల అది. కానీ నెరుపు పరంగా చూస్తే అక్కడ ఒక నష్టం జరిగింది. ఆ తెలుపు వయసుగా కనిపించదు. ఉక్కు మీద మెరుపులాగా, ఒక యూనిఫాంలో భాగంలాగా కనిపిస్తుంది. ఈ మనిషి ఎన్నేళ్లు బతికాడో, ఏం పోగొట్టుకున్నాడో ఆ తల చెప్పదు. 

‘విశ్వాసం’లో ఆయన పాత్ర తూక్కుదురై అదే తెలుపుతో పూర్తిగా వేరే మనిషి. తమిళనాడులోని తేని వైపు పల్లెటూరి పెద్ద, పంచెకట్టు, నిండు మీసం, నిండు గడ్డం, ఒత్తుగా పెరిగిన జుట్టు. దూరమైపోయిన భార్యను వెతుక్కుంటూ ముంబై వెళ్తాడు. తానే తండ్రినని తెలియని కూతురి పక్కన కాపలా మనిషిలా నిలబడతాడు. వెనకటి కథలో ఇదే మనిషికి నల్లజుట్టు ఉంటుంది. ఆ నలుపుకీ ఈ తెలుపుకీ మధ్య గడిచిన ఏళ్లను మాటల్లో చెప్పే పని సినిమాకు పెద్దగా పడలేదు. కూతురి ఎదుట మౌనంగా నిలబడిన సన్నివేశాల్లో ఆ తలా గడ్డమూ సగం నటన చేశాయని నా అభిప్రాయం. ‘వివేకం’ తలతో ఆ తండ్రిని ఊహించి చూడండి. కుదరదు.

ఇదే సినిమాలో ఎదుట నిలబడిన విలన్ మన జగపతిబాబు. నెరిసిన జుట్టు, నెరిసిన గడ్డం అనగానే తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చే మనిషి ఆయనే. 2014లో ‘లెజెండ్’ వచ్చేదాకా ఆయన మనకు కుటుంబ కథల హీరో. ఆ సినిమాలో 52 ఏళ్ల వయసులో, నెరిసిన తలతో గడ్డంతో విలన్‌గా వచ్చి రెండో జీవితం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది ‘శ్రీమంతుడు’లో మహేశ్‌బాబుకు తండ్రి. అటు క్రూరత్వానికీ ఇటు పెద్దరికానికీ అదే నెరుపు పనికొచ్చింది. రంగు ఒక్కటే అయినప్పుడు అర్థం మార్చేది ఆకారం. ఎంత పొడుగు ఉంచారు, ఎటు దువ్వారు, గడ్డాన్ని చెంప మీద ఎక్కడ ఆపారు అన్నవే. మన సినిమా రాతల్లో ఉప్పూమిరియాల లుక్ అని ఒక్క మాట అనేసి ఊరుకుంటాం. ఆ మాట రంగు దగ్గరే ఆగిపోతుంది, కటింగును చూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫేడ్ మీద నాకున్న ఫిర్యాదు ఫ్యాషన్‌కు సంబంధించింది కాదు. అది నెరుపు నడిచే దారిని అర్థం చేసుకోని కటింగు. మగవాళ్లకు తల సాధారణంగా కణతల దగ్గర నెరవడం మొదలవుతుంది. అక్కణ్ణుంచి పైకి, వెనక్కి పాకుతుంది. మెడవెనుక అన్నిటికంటే ఆఖరున నెరుస్తుంది. గడ్డంలో చుబుకం ముందుంటుంది. అంటే నడివయసు మనిషి తల మీద తెలుపు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఫేడ్ గొరిగేసే చోటనే. కణతల తెలుపు పోతుంది, నెత్తిన నలుపు మిగులుతుంది, కింద చుబుకం తెల్లగా వేలాడుతుంది. పైన ఒక వయసు, కింద ఒక వయసు, మధ్యలో బోడి చర్మం. కణత మీది తెలుపే తలకూ గడ్డానికీ వంతెన. ఆ వంతెనను తీసేశాక గడ్డం ఎవరిదో తెచ్చి అంటించినట్టు ఉంటుంది.

నాకు జరిగింది అదే. మా ఊరి షాపులో కుర్రాడు నేర్పుగానే చేశాడు, గీత ఎక్కడా వంకర పోలేదు. ఇంటికి వెళ్లగానే మా ఆవిడ, “గడ్డానికి రంగు వేసుకోరాదూ?” అంది. అంతకుముందు ఏడాది పాటు తెల్లగడ్డంతో తిరిగితే అనని మాట అది. అప్పుడు అర్థమైంది, ఫేడ్ రంగు డబ్బా దాకా నడిపించే కటింగని. పక్కల తెలుపును మిషన్ దాచింది కాబట్టి మిగిలిన తెలుపు తప్పులాగా కనపడుతోంది. రంగు వేస్తే రెండు వారాలకు మొదళ్లు తెల్లగా బయటపడతాయి. పైగా నల్ల రంగుల్లో ఎక్కువగా వాడే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు, చర్మం వాచి దద్దుర్లు లేస్తాయి. గడ్డం కింద చర్మం మరీ సున్నితం.

లేయర్ కట్ దీనికి ఎదురుగా ఆలోచిస్తుంది. తల నెరిసిందంటే చాలావరకు రంగున్న వెంట్రుకలూ రంగు పోయిన వెంట్రుకలూ కలిసి కంటికి బూడిదరంగుగా తోచడమే. అన్నీ ఒకే పొడుగులో ఉంటే పైపొర ఒక్కటే కనపడుతుంది. పొరలుగా కోస్తే కింది వెంట్రుకల కొసలు కూడా బయటికి వస్తాయి. నలుపూ తెలుపూ పక్కపక్కన నిలబడతాయి. దువ్వినప్పుడల్లా తల కొద్దిగా మారుతుంది. నెరుపుకు లోతు వచ్చేది ఇందువల్లే. 2016లో ‘కబాలి’లో రజనీకాంత్ తల గుర్తుందా? 25 ఏళ్లు జైల్లో ఉండి మలేసియా వీధుల్లోకి వచ్చిన మనిషి. సూటు, నెరిసిన గడ్డం, నుదుటి మీంచి వెనక్కి దువ్విన జుట్టు. బయట బట్టతలతో మామూలుగా తిరిగే నటుడికి అది తీర్చిపెట్టిన తల. తీర్చిన చేతికి మాత్రం నెరుపు గురించి బాగా తెలుసు. పక్కలు గొరగలేదు. తలలోంచి గడ్డంలోకి తెలుపు ఆగకుండా దిగింది. గడ్డంతో ఉన్న నెరిసిన తలల్లో నాకు ఇప్పటికీ అదే కొలమానం.

ఒత్తు జుట్టుకు ఇంకో చిక్కు ఉంది. వయసుతో పాటు మాడు మీద జిడ్డు తగ్గుతుంది. తెల్లవెంట్రుక పొడిబారి, బిరుసెక్కి నిక్కుతుంది. అందుకే ఒకే పొడుగులో కోసిన నెరిసిన ఒత్తు జుట్టు చెవుల పైన రెండు పక్కలా ఉబ్బి, పుట్టగొడుగులా తయారవుతుంది. లేయర్ కట్‌లో ఈ బరువును లోపలి నుంచి తీస్తారు. నాకు రెండో కటింగు చేసినాయన అరవై దాటినవాడు. మిషన్ ముట్టుకోలేదు. జుట్టు తడిపి, పాయలు పాయలుగా రెండు వేళ్ల మధ్య నిటారుగా పట్టి, కొసల్ని అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోశాడు. నెత్తిన ఏడెనిమిది సెంటీమీటర్లు, పక్కల మూడు, మెడవెనుక అంతకంటే తక్కువ. పళ్ల కత్తెర తీస్తారా అని నేనే అడిగాను, బరువు తొందరగా తగ్గుతుందని. ఆయన ఒప్పుకోలేదు. “అది ఎక్కువ వాడితే లోపల పొట్టి వెంట్రుకలు మిగులుతాయి సార్. తెల్లవి గట్టిగా ఉంటాయి గదా, రెండు వారాలకు పైవాటిని తోసుకుంటూ లేస్తాయి” అన్నాడు. అంతకుముందు ఇంకో చోట అలాగే చేయించుకుని నెల రోజులు ఎందుకు అవస్థ పడ్డానో అప్పుడే అర్థమైంది.

తర్వాత గడ్డం. చెవి ముందు జుట్టు ఎంత పొడుగుందో గడ్డం పైభాగాన్నీ అంతే పొడుగుకు తెచ్చాడు. ఎక్కడ తల అయిందో, ఎక్కడ గడ్డం మొదలైందో చెప్పలేం. చెంపల మీద కాస్త కురచ, చుబుకం దగ్గర కాస్త నిండుగా. గొంతుముడికి రెండు వేళ్ల పైన గీత గీసి ఆ కింద శుభ్రం చేశాడు. మొత్తం 45 నిమిషాలు పట్టింది. ఫేడ్ 20 నిమిషాల్లో అయిపోయింది. మన షాపుల్లో లేయర్ కట్ ఎందుకు తగ్గిపోయిందో ఈ రెండు అంకెల్లోనే ఉంది. ఆదివారం పొద్దున బయట బెంచీ మీద ఆరుగురు కూర్చుని ఉంటే ఒక తలకు 45 నిమిషాలు ఇవ్వడం షాపువాడికి గిట్టదు. తప్పు అతనిది కాదు. అంత పనికి ఇంత ఇస్తామని మనం ముందు చెప్పాలి.

ఫేడ్‌కు దక్కాల్సింది కూడా చెప్పాలి. జుట్టు పలచబడినవాళ్లకు, నెత్తిన మాడు కనపడుతున్నవాళ్లకు పొరలు పనికిరావు. పొర పెట్టడానికి ఒత్తు ఉండాలి కదా. వాళ్లకు కురచ పక్కలే మేలు. రామగుండం ఎండలో, బెజవాడ ఉక్కలో హెల్మెట్ కింద పనిచేసేవాడికి మెడ మీద గాలి తగలడం చిన్న సుఖం కాదు. పూర్తిగా తెల్లబడి తల ముగ్గుబుట్ట అయినవాళ్లకు కూడా నేను చెప్పిన వంతెన చిక్కు రాదు, అంతటా ఒకటే రంగు గనక. ఫేడ్ ఓడిపోయేది ఒత్తుగా ఉండి, సగం నెరిసి, గడ్డం ఉన్న తల దగ్గర. ఖర్చులో తేడా కూడా అనుకున్నంత లేదు. ఫేడ్ రెండు వారాలకే అంచు చెరిగిపోతుంది. లేయర్ కట్ ఆరు వారాలు ఆకారం పోగొట్టుకోదు, మధ్యలో గడ్డం ఒక్కటి సర్దుకుంటే చాలు.

ఇప్పటికే ఫేడ్ చేయించుకున్నవాళ్లు కొంత ఓపిక పట్టాలి. జుట్టు నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. పక్కలు మూడు సెంటీమీటర్లకు రావడానికి మూడు నెలలు. ఈ మధ్యలో చెవుల పైన ఉబ్బుతుంది, చూసేవాళ్లు కటింగు ఎప్పుడని అడుగుతారు. ఆ మూడు నెలలూ మెడవెనుక మాత్రం శుభ్రం చేయించుకుంటూ పక్కల జోలికి ఎవర్నీ రానివ్వకండి. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లకు ఇంకా సులువు. తలంతా ఒకే ఎత్తున కొత్తగా మొలుస్తుంది, కత్తెర ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లే నిర్ణయించుకోవచ్చు.

ఈసారి షాపులో కుర్చీ ఎక్కి గుడ్డ కట్టించుకోగానే, మిషన్ ప్లగ్గు పెట్టకముందే చెప్పండి: పక్కలకు మిషన్ వద్దు, కత్తెరే వాడమని, కణతల మీద తెలుపు ఉంచమని, దాన్ని గడ్డంలోకి కలపమని.