నీరు లేని మరుగుదొడ్డి

దేశమందలి బడులన్నిటిలో బాలురకు, బాలికలకు వేరువేరుగా మరుగుదొడ్లు ఒక్క ఏటిలో కట్టించెదమని 2014 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము ప్రకటించినది. 2.61 లక్షల బడులలో 4.17 లక్షల మరుగుదొడ్లు సిద్ధమైనవని మరుసటి ఏడు లెక్క చూపినది. ఇంత పనికి పూనుకొనుట మెచ్చదగినదే. వీనిలో 1,40,997 కట్టించిన ఘనత ప్రభుత్వరంగ సంస్థలది.

ఈ సంస్థల పనిపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక 2020లో పార్లమెంటు ముందుకు వచ్చినది. తనిఖీదారులు 15 రాష్ట్రములలో 2,695 మరుగుదొడ్లను వెదకి చూచినారు. పూర్తిగా కట్టినవి 2,326. వానిలో నూటికి 72 చోట్ల కుళాయి నీరు లేదు. 55 చోట్ల చేతులు కడుగుకొను వసతి లేదు. నేతిబీరకాయలో నేయి ఎంతయో, వీనిలో నీరు అంతయే!

ఇది చిన్న లోటని తలచువారు మరుగుదొడ్డి పనిచేయు విధమును తెలిసికొనవలెను. పళ్లెము క్రింది వంపు గొట్టములో రెండు సెంటీమీటర్ల నీరు నిలిచి మూతవలె అడ్డుపడును. దుర్గంధమును పైకి రానీయనిది, ఈగలను లోనికి పోనీయనిది ఈ నీటిమూతయే. అది ఎండిపోయిన, గోడలెంత గట్టివైనను ప్రయోజనము లేదు. చేతికంటిన సూక్ష్మజీవులు మధ్యాహ్న భోజనముతో కడుపులో చేరును. సబ్బు జిడ్డును వదలించును. ఆ జిడ్డుతోపాటు క్రిములను కొనిపోవునది నీరే.

నూరుగురు పిల్లలు రోజుకొకసారి పోయినను, మనిషికి రెండు లీటర్లు, చేతులకు అర లీటరు చొప్పున 250 లీటర్లు కావలెను. పదునైదు లీటర్ల బిందెలైన పదునేడు. వీనిని ఎవరు మోయవలెను? మోయువారు లేకున్న తలుపునకు తాళము పడును. అప్పుడు బాలికలు దాహమైనను నీరు త్రాగక సాయంకాలము వరకు ఓర్చుకొందురు. మూత్రనాళ వ్యాధులకు అదియొక దారి.

పథకములో నీటిమాట లేకపోలేదు. నీటి సరఫరా, చేతులు కడుగు వసతి, కొన్ని ఏండ్ల నిర్వహణ, అన్నియు నిబంధనలలో ఉన్నవి. లోపమంతయు కొలతలో ఉన్నది. గోడలను లెక్కించినారు, నీటిని లెక్కించలేదు. గోడను ఒకసారి కట్టిన చాలును; నీరు ప్రతి ఉదయము రావలెను, శుభ్రపరచు మనిషికి ప్రతి నెల జీతము ముట్టవలెను.

కావున పట్టికలో ‘కట్టినవి ఎన్ని’ అను గడి ప్రక్కన ‘నేడు నీరు వచ్చినవి ఎన్ని’ అను గడి కూడ ఉండవలెను. రెండవ గడి నిండిననాడే మొదటి సంఖ్యకు విలువ.