ఏ కథ చదివి వినిపించాలి?

పెద్ద తరగతుల పిల్లలకు చదివి వినిపించదగిన మంచి కథల జాబితా ఒకటి రాసి ఇమ్మని మిత్రులు అడుగుతూ వుంటారు. అడిగేవారిలో ఉపాధ్యాయులే ఎక్కువ. జాబితా ఇవ్వడం కష్టం కాదు. గురజాడతో మొదలుపెట్టి శ్రీపాద, చాసో, కొడవటిగంటి, పద్మరాజు, రావిశాస్త్రి అని పేర్లు చెప్పుకుంటూ పోతే పది నిమిషాల్లో ఇరవై కథలు తేలతాయి. నేనూ ఒకప్పుడు అలాంటి జాబితా తయారుచేశాను. దాన్ని పట్టుకుని ఆత్మకూరులో తొమ్మిది, పది తరగతుల పిల్లల ముందు శనివారం సాయంత్రాలు కూర్చున్న తరువాతగాని అది ఎంత పనికిమాలినదో నాకు తెలిసిరాలేదు.

దోషం కథలది కాదు. జాబితా రాసేవాడు కథను ఎన్నుకోడు, కథ సారాంశాన్ని ఎన్నుకుంటాడు. స్త్రీవిద్యకు ఒకటి, కులానికి ఒకటి, పేదరికానికి ఒకటి, తాగుడుకు ఒకటి అని సమస్యలవారీగా కథలను పంచిపెడతాడు. నీతికథలవారిని మనం ఎగతాళి చేస్తాం. సత్యం పలికితే మేలు కలుగుతుందని చెప్పడానికే కథలు పుట్టాయని వారు అనుకుంటారని మన ఆక్షేపణ. మనం చేస్తున్నది అంతకంటె భిన్నమైనదేనా? వారి నీతి వేరు, మన నీతి వేరు. కథను వాడుకునే పద్ధతి మాత్రం ఒకటే. సారాంశాన్ని జేబులో పెట్టుకుని చదివేవాడి గొంతును పిల్లలు రెండో పేరాలోనే పసిగడతారు. ఆ తరువాత వారు కథ వినరు. చివర అడగబోయే ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ కూర్చుంటారు.

"దిద్దుబాటు" విషయంలో నాకు జరిగిన పరాభవం చెబుతాను. గురజాడ 1910లో ప్రకటించిన ఈ కథ తొలి తెలుగు కథా, లేక 1902 నాటి భండారు అచ్చమాంబ "ధనత్రయోదశి" తొలి కథా అనే చర్చ పిల్లలకు అక్కరలేదు. కథ చిన్నది, సంభాషణ చురుకైనది, స్త్రీవిద్య సంగతి వున్నది. ఇంతకంటె ఏం కావాలనుకున్నాను. గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చింది సానుల పాట విని. ఆడపిల్లలు ఎదుట కూర్చుని వుండగా ఆ మాట నా నోట రాలేదు. నాటకం చూసి వచ్చాడని మార్చి చదివాను. కమలిని కనిపించకపోవడం, ఉత్తరం, రాముడి తెలివితేటలు, చివరికి మంచం కింద నుంచి నవ్వు - అన్నీ అయ్యాయి. పిల్లలు నవ్వారు. అప్పుడు వెనక వరసలో నుంచి ఒక అమ్మాయి, "నాటకానికి పొయ్యొస్తే గూడా పెళ్ళాం పుట్టింటికి పోద్దా సార్?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఒక్క మాట మార్చి కమలినిని అకారణంగా అలిగే పిల్లగా చేశాను. గోపాలరావు సంస్కరణాభిమానానికీ అతని రాత్రులకూ మధ్య వున్న దూరమే ఆ కథ. ఆ దూరాన్ని నేనే పూడ్చివేసి, పైగా కథలో స్త్రీవిద్యను వెతకమన్నాను! మరుసటి శనివారం నా తప్పు ఒప్పుకుని కథను వున్నది వున్నట్టుగా మళ్ళీ చదివాను. ఎవరూ ఇబ్బంది పడలేదు. ఇబ్బంది అంతా నాది.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. మార్చకుండా చదవలేని కథను ఎన్నుకోను. చాసో "ఏలూరెళ్ళాలి" నేను ఇంతవరకూ చదివి వినిపించలేదు. అది కథలో లోపం కాదు, నాకు ధైర్యం చాలకపోవడం. ఆ కథకు తొడుగులు తొడిగి చదవడం కంటె చదవకపోవడమే చాసో ఎడల గౌరవం.

చెవికీ కంటికీ వున్న తేడాను కూడా మన విమర్శకులు పట్టించుకోరు. "గాలివాన" గొప్ప కథ కాదనేవాడెవడు? 1952లో ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందింది. కాని మొదటి పేజీలు రావుగారి నియమాలను, విలువలను పరిచయం చేయడానికే సరిపోతాయి. పుస్తకంలో మనం వాటిని తీరికగా చదువుకుంటాం. పద్నాలుగేళ్ళ శ్రోత కిటికీలోకి చూస్తాడు. ముష్టి మనిషి రైలుపెట్టెలోకి అడుగుపెట్టిన తరువాతగాని వాళ్ళు నావైపు తిరగలేదు. శ్రీపాద "వడ్లగింజలు" అంతకు ఎన్నో రెట్లు పెద్దది, మూడు శనివారాలు పట్టింది. ఒక్కరు కదల్లేదు. అందులో మనుషులు మాట్లాడుకుంటారు, మాటకు మాట తగిలించుకుంటారు. చదరంగపు గళ్ళలో గింజలు రెట్టింపవుతూ పోయే లెక్క దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు కాగితం తీశారు. అరవైనాలుగు గళ్ళ మొత్తం ఇరవై అంకెల సంఖ్య అని మరుసటి వారం వచ్చి చెప్పారు. ఆ కథకు నేను ఏ ప్రయోజనమూ ఆపాదించి వుండలేదు. ప్రేమ్‌చంద్ "ఈద్గా" కూడా ఇలాంటిదే. పాఠంగా చెబితే అది త్యాగం. బిగ్గరగా చదివితే, మూడు పైసల పట్టకారును సమర్థిస్తూ హమీద్ తోటిపిల్లలతో చేసే వాదన. ఆ వాదన దగ్గర మా పిల్లలు హమీద్ పక్షాన కేకలు వేశారు.

యాస గురించి ఉపాధ్యాయులు భయపడతారు. చాసోలో, రావిశాస్త్రిలో విశాఖ, విజయనగరం మాట నెల్లూరు మెట్టప్రాంతపు పిల్లలకు తెలుస్తుందా అని. తెలుస్తుంది. మనం దాన్ని అనుకరించి వేషం కట్టకుండా వుంటే చాలు. అయితే ఒక సంగతి. పొరుగున వున్న కావలి జీవితంలోనుంచి ఖదీర్‌బాబు రాసిన "దర్గామిట్ట కతలు" చదివినప్పుడు, తమ ఇంటి మాట అచ్చులో వుండడం చూసి పిల్లలు విస్తుపోయారు. ఉదయగిరి నుంచి వచ్చే ముస్లిం పిల్లవాడొకడు పుస్తకం అట్టను చాలాసేపు తిప్పి చూశాడు. 1999లో వెలువడిన పుస్తకాన్ని క్లాసిక్కులలో చేర్చవచ్చునా అని ఒక మిత్రుడు అడిగాడు. క్లాసిక్కు అనే మాటకు వయస్సు తప్ప వేరే అర్థం లేకపోతే చేర్చనక్కరలేదు.

ఇక సారా సంగతి. ఇక్కడే నా సిద్ధాంతానికి గట్టి దెబ్బ తగిలింది. కనుక కొంచెం నిదానించి చెప్పాలి.

సందేశం కోసం కథను ఎన్నుకోకూడదని నేను అంటున్నాను. కాని ఈ జిల్లాలోనే, సందేశం కోసమే రాసిన ఒక చిన్న కథ చరిత్రను కదిలించింది. 1991లో అక్షరదీపం కార్యక్రమం నెల్లూరు జిల్లాలో సాగినప్పుడు, వయోజనుల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం వుండేది. ఆడవాళ్ళు కలిసి సారా దుకాణం మూయించడం అందులోని సంగతి. రాత్రిబడిలో ఒకరు చదవగా పదిమంది విన్నారు. కలిగిరి దగ్గర దూబగుంటలో అలా విన్నవాళ్ళు లేచివెళ్ళి సారా దుకాణం మూయించారు. 1992లో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలోను, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో పోయింది. కళాదృష్టితో చూస్తే ఆ పాఠంలో ఏమీ లేదు. దాని ముందు నా విమర్శ ఏపాటిది?

చాలాకాలం ఆలోచించాను. ఆ ఆడవాళ్ళకు సారా సంగతి పాఠం నేర్పలేదు. అది వాళ్ళకు ముందే, వీపు మీద తెలుసు. ఎవరికి వారు ఇంట్లో భరిస్తున్నదాన్ని పదిమంది ఒకచోట కూర్చుని, ఒకే గొంతులో విన్నారు. అది పాఠం బలం కంటె కలిసి వినడంలోని బలం. అదే పాఠాన్ని వాళ్ళ మనుమరాళ్ళకు చదివితే పరీక్షకు వచ్చే ప్రశ్నగా మిగులుతుంది.

ఈ ధైర్యంతో రావిశాస్త్రి "మాయ" చదివాను. "ఆరు సారా కథలు"లో అది ఒకటి. ఆంధ్రలో మద్యనిషేధం అమలులో వున్న రోజుల్లో, 1960ల మొదట్లో, విశాఖ కోర్టులను దగ్గరగా చూసిన వకీలు రాసిన కథలవి. సారా కేసులో దొరికిన ముత్యాలమ్మ కుర్రవకీలు మూర్తికి లోకం నడిచే తీరు విప్పి చెబుతుంది. నిషేధం అనే చట్టాన్ని ఎవరెవరు ఎలా తింటున్నారో ఆమెకు తెలిసినంతగా న్యాయశాస్త్రానికి తెలియదు. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. అయిపోయాక ఒక అమ్మాయి లేచింది. "మా అవ్వోళ్ళు సారాయంగడి మూయించినారంట సార్. అంటే వాళ్ళు చేసింది తప్పా?"

అభ్యుదయవాదిగా నాకు రెండూ కావాలి. అవ్వ పోరాటమూ కావాలి, ముత్యాలమ్మ నిజమూ కావాలి. రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని ఆ పిల్ల చూసింది, ఇన్నేళ్ళు ఈ కథను పొగుడుతూ వచ్చిన నేను చూడలేదు. రాజ్యస్వభావం, వర్గదృక్పథం అని అరగంట ఉపన్యసించాను. ఉపన్యాసంలో అబద్ధం ఏమీ లేదు. అయినా ఆ పిల్ల అడిగినదానికి అది జవాబు కాలేదు. మరుసటి ఏడు కొత్త పిల్లలకు అదే కథ చదివి పుస్తకం మూసి వూరుకున్నాను. వాళ్ళలో వాళ్ళే గంటసేపు కొట్లాడుకున్నారు. మా నాయన తాగితే ఆ డబ్బు ఎవరికి పోతున్నదని ఒకడు లెక్క తీశాడు. ముత్యాలమ్మ మా అవ్వలాంటిదే, ఎవరూ ఆమె పక్కన నిలబడలేదు, అంతే తేడా అని ఒకతె అన్నది. ఈ మాట ఏ విమర్శలోనూ నేను చదవలేదు.

చివరగా, ఎన్నికలో నేను చేసిన మరొక తప్పు. చాసో "ఎందుకు పారేస్తాను నాన్నా!" కథను ఒక ఏడాదంతా పక్కన పెట్టాను. డబ్బులేక చదువు ఆగిపోయిన కుర్రవాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. దారిలో బడి వున్నది. మా పిల్లలలో ఒకడు, పొగాకు బేరన్లు కాలే నెలల్లో ఆకు పనికి వెళ్ళి బడికి రాకుండా పోయేవాడు. కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలకు చేరే బేళ్ళలో ఇలాంటి పిల్లల చేతులూ వున్నాయి. వాడు కూర్చుని వుండగా ఈ కథ చదవడం పుండు మీద కారం చల్లడమని భావించాను. దయ అనుకున్నాను దాన్ని. నిజానికి ఆ కథ ఎవరిదో వాడికి అందకుండా చేసి, ఆ బాధ లేని పిల్లలకు కరుణారసంగా వడ్డించాలనుకోవడమే అది.

ఆ మరుసటి ఏడు వాడు తిరిగి వచ్చినప్పుడు చదివాను. తలెత్తి చూడడానికి భయపడుతూనే చదివాను. కుర్రవాడి మీద జాలిపడి ఇద్దరు ముగ్గురు తండ్రిని తిట్టారు. అప్పుడు వాడు, "ఆ మాట వాళ్ళ నాయన్తో గదా సార్ అనింది," అన్నాడు. పుస్తకం అడిగి తీసుకుని పేరు మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. నేను ఆ కథను అన్నేళ్ళుగా కొడుకు కథ అనుకుంటున్నాను. కొడుకు తండ్రికి ఇచ్చే భరోసా దాని పేరులోనే వున్నదని గమనించలేదు.

ఈ ఏడు ఆ కథతోనే మొదలుపెట్టాం. తరువాతది "ఎంపు" అనుకుంటున్నాను. కూతురికి మొగుణ్ణి ఎంచే ముష్టివాడి లెక్క వినడానికి వాళ్ళు సిద్ధంగానే వున్నారు. నేను ఒకసారి ఇంట్లో బిగ్గరగా చదువుకుని చూడాలి.